కంప్యూటర్‌కి నడక ఎలా వచ్చింది

1890ల మొదట్లో జర్మనీలోని లైప్జిగ్ నగరంలో ఒక సైనికుడి ఒంటికి సన్నని గాజు గొట్టాలు కట్టి చీకట్లో నడిపించారు. గొట్టాల్లో నైట్రోజన్ వాయువు నింపారు. కరెంటు పోయించినప్పుడల్లా అవి మెరుస్తాయి. మూత తీసి ఉంచిన కెమెరాల్లో ఆ మెరుపులు గీతలుగా పడతాయి. తొడ ఒక గీత, పిక్క ఒక గీత, పాదం ఒక గీత. ఈ ఏర్పాటంతా చేసినవాళ్లు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బ్రౌనె, గణితంలో దిట్ట అయిన ఓటో ఫిషర్. సైనికుడు నడిచింది కొద్ది అడుగులే. ఆ గీతల నుంచి కొలతలు తీసి, ఒక్కో క్షణానికి సమీకరణాలు రాసి చేత్తో సాధించడానికి మాత్రం ఏళ్లు పట్టింది. 1892లో బ్రౌనె చనిపోయాడు. ఫిషర్ ఒక్కడే ఆ లెక్కలు పట్టుకుని కూర్చుని 1895 నుంచి 1904 దాకా భాగాలు భాగాలుగా అచ్చు వేయించాడు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆయన తేల్చుకోవాలనుకున్న ప్రశ్న ఒకటుంది. 1836లో వెబర్ సోదరులు ఒక మాట అన్నారు: గాల్లోకి లేచిన కాలు లోలకంలా తన బరువుకు తానే ఊగి ముందుకొస్తుంది, కండరాలకు అక్కడ పనిలేదు అని. ఫిషర్ లెక్కలు కట్టి కాదన్నాడు. కాలు అంత త్వరగా ముందుకు రావాలంటే భూమ్యాకర్షణ ఒక్కటే చాలదు, కండరం లాగాల్సిందే. ఆ వాదన అక్కడితో తెగిపోలేదు. 1980లో మోచన్, మెక్‌మహన్ అనే ఇద్దరు కంప్యూటర్ మీద కాలిని నడిపి చూశారు. మొదట్లో సరైన వేగం అందితే చాలు, ఆ తరవాత కండరం ఊరుకున్నా కాలు దాదాపు మనిషి కాలిలాగే ఊగి ముందుకొచ్చింది. మొదట్లో, చివర్లో కండరం, మధ్యలో లోలకం. వెబర్లదీ సగం నిజమే, ఫిషర్‌దీ సగం నిజమే.

ఫిషర్ పద్ధతి ఈనాటికీ బతికే ఉంది. మారింది సరంజామా. గాజు గొట్టాల బదులు చిన్న చిన్న మెరిసే గోళీలను తుంటి మీద, మోకాలి పక్కన, చీలమండ మీద, మడమ మీద అంటిస్తారు. చుట్టూ ఉన్న పరారుణ కెమెరాలు వాటి జాడ పడతాయి. నేలలో అమర్చిన బలమాపక పలక, పాదం నేలను ఎంత గట్టిగా, ఏ దిశలో తన్నిందో రాసుకుంటుంది. ఆ తరవాత కావలసింది బరువులు. 60 కిలోల మనిషిలో ఒక్కో తొడ దాదాపు 6 కిలోలు, మోకాలి నుంచి చీలమండ దాకా 2.8 కిలోలు, పాదం 0.9 కిలో. నడిచే మనిషి కాలు కోసి తూచలేం కాబట్టి ఈ వాటాలు శవాల నుంచి వచ్చాయి. బ్రౌనె, ఫిషర్లు శవాలను గడ్డకట్టించి కోసి తూచారు. 1955లో అమెరికా వైమానిక దళం కోసం డెంప్‌స్టర్ ఎనిమిది శవాలతో అదే పని మళ్లీ చేశాడు. ఈనాటికీ చాలా ప్రయోగశాలల లెక్క వెనక ఆ అంకెల జాడ ఉంటుంది.

ఇక న్యూటన్ సూత్రాన్ని కింది నుంచి పైకి వాడుకుంటూ పోవడమే. పాదం బరువు తెలుసు, దాని త్వరణం తెలుసు, నేల ఇచ్చిన తోపు తెలుసు. తేడా ఎంత వస్తే అంత చీలమండ దగ్గర పనిచేసిన బలం. అది తెలిశాక పిక్క, ఆ తరవాత తొడ. దీన్ని విలోమ గతిశాస్త్రం అంటారు. చదవడానికి సులువుగానే ఉంది. చిక్కు దీని తరవాత మొదలవుతుంది.

తుంటి దగ్గర మొత్తం ఇంత తిప్పుడు బలం పనిచేసింది అని లెక్క చెబుతుంది. కానీ తుంటిని కదిలించే కండరాలు ఇరవై దాకా ఉన్నాయి. పల్లకీ మొత్తం బరువు చెప్పి, మోసే బోయీల్లో ఎవరి భుజం మీద ఎంత పడిందో చెప్పమన్నట్టు ఉంటుంది వ్యవహారం. సమీకరణాలు తక్కువ, తెలియని రాశులు ఎక్కువ. లెక్క తప్పకుండా ఉండే సమాధానాలు అనంతం. శరీరం మాత్రం ప్రతి అడుగుకూ వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటోంది. ఎలా ఎంచుకుంటోంది?

1981లో క్రౌనిన్‌షీల్డ్, బ్రాండ్ ఒక ఊహ చేశారు. కండరం మీద ఒత్తిడి పెరిగేకొద్దీ అది త్వరగా అలసిపోతుంది. కాబట్టి ఒక్కో కండరంలోని ఒత్తిడిని ఘనం చేసి, అన్నిటినీ కూడితే వచ్చే మొత్తం వీలైనంత తక్కువ ఉండేలా శరీరం పని పంచుతుందనుకుందాం అన్నారు. ఘనం ఎందుకంటే, ఏ ఒక్క కండరం మీద భారం రెట్టింపైనా మొత్తంలో దాని వాటా ఎనిమిది రెట్లవుతుంది. అందుకని లెక్క తనంతట తానే బరువును నలుగురికీ పంచుతుంది.

ఊహ బాగుంది. నిజమో కాదో ఎలా తెలియాలి? బతికున్న మనిషి కీలు లోపల బలాన్ని కొలవడం మామూలుగా సాధ్యం కాదు. బెర్లిన్‌లో గెయొర్గ్ బెర్గ్‌మన్ బృందం దీనికి దారి కనిపెట్టింది. తుంటి మార్పిడి ఎలాగూ చేయించుకుంటున్న రోగులకు, లోపల కొలమానాలు అమర్చి రేడియో ద్వారా అంకెలు బయటికి పంపే కృత్రిమ కీళ్లు పెట్టింది. గంటకు 4 కిలోమీటర్ల మామూలు నడకలో తుంటి మీద పడే బలం శరీర బరువుకు దాదాపు 2.4 రెట్లని 2001లో ప్రకటించారు. అంటే 60 కిలోల మనిషి నింపాదిగా నడుస్తున్నా తుంటి కీలు 140 కిలోలకు పైగా మోస్తోంది. ఒంటి బరువు తక్కువే, మిగతాదంతా కండరాలు కీలును బిగించి పట్టడం వల్ల వచ్చింది. అదే రోగుల మీద కంప్యూటర్ కట్టిన లెక్కను ఈ కొలతల పక్కన పెట్టి చూస్తే, నడకలో గరిష్ఠ బలం సగటున 12 శాతం తేడాతో సరిపోయింది. నా దృష్టిలో ఈ రంగానికి నమ్మకం తెచ్చిపెట్టిన ప్రయోగం ఇదే. కీలులోంచి వచ్చిన అంకె ముందు ఎంత అందమైన యానిమేషనైనా తలవంచాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా మనిషి నడిచేశాక కట్టే లెక్క. ఇంకో రకం ప్రశ్న ఉంది, ఇంకా కొంటె ప్రశ్న. నడక ఎలా ఉంటుందో కంప్యూటర్‌కి చెప్పకుండా, ఒళ్లొకటి ఇచ్చి, ఇక్కణ్నుంచి అక్కడికి తక్కువ శ్రమతో వెళ్లు అంటే ఏం చేస్తుంది?

2006లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మనోజ్ శ్రీనివాసన్, ఆండీ రూయినా ఇదే అడిగారు. వాళ్లిచ్చిన ఒళ్లు ఒక బిందువు, దానికి బరువే లేని రెండు కాళ్లు. కాలు పొడవు మార్చుకోవచ్చు, కానీ ఒక హద్దు దాటి సాగదు. మోకాలు లేదు, పాదం లేదు. వేగం ఇంత, అడుగు పొడవు ఇంత, పని వీలైనంత తక్కువ చెయ్యి: ఇంతే ఆజ్ఞ. వేగం తక్కువగా ఉంటే కాలిని కర్రలా నిటారుగా ఉంచి ఒళ్లు దాని మీదుగా చాపంలా సాగిపోవడమే చవక అని కంప్యూటర్ తేల్చింది. అది నడక. వేగం పెంచితే రెండు కాళ్లూ నేల విడిచి గంతులేయడం చవక అంది. అది పరుగు. రెండిటికీ మధ్య, మనం సాధారణంగా వాడని మూడో రకం గతిని కూడా చూపించింది. నేచర్ పత్రికలో వచ్చిన ఆ పత్రంలో నాకు నచ్చేది ఈ మూడోదే. మనిషిని చూసి కాపీ కొట్టి ఉంటే అది దొరికేది కాదు.

నడకలో ఆదా ఎక్కడిదో ఈ బిందువే చెబుతుంది. ఆనిన పాదం ఇరుసు, కాలు కడ్డీ, పైన ఒళ్లు. తలకిందులుగా నిలబెట్టిన లోలకం అన్నమాట. కాలు నిటారైనప్పుడు ఒళ్లు అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది, వేగం తగ్గుతుంది. ముందుకు ఒరిగేకొద్దీ ఎత్తు తగ్గి వేగం పెరుగుతుంది. స్థితిజ శక్తి గతిజ శక్తిగా, అది మళ్లీ స్థితిజ శక్తిగా మారుతూ పోవడం వల్ల కండరాలు చేయాల్సిన పని బాగా తగ్గుతుంది. దీనికో హద్దు ఉంది. చాపం మీద సాగే ఒంటిని కిందికి పట్టి ఉంచేది భూమ్యాకర్షణ ఒక్కటే. వేగం వర్గాన్ని కాలు పొడవుతో భాగిస్తే వచ్చేది గురుత్వ త్వరణాన్ని మించితే పాదం నేల విడవక తప్పదు. కాలు 0.9 మీటరు అనుకుంటే ఆ హద్దు సెకనుకు 3 మీటర్లు, గంటకు సుమారు 10.7 కిలోమీటర్లు. నిజానికి మనం అంతదాకా ఆగం. ఆ భాగహారం విలువ గురుత్వ త్వరణంలో సగానికి చేరేసరికే, గంటకు ఏడున్నర కిలోమీటర్ల ప్రాంతంలోనే పరుగు అందుకుంటాం. (20 కిలోమీటర్ల నడక పందేన్ని ప్రపంచంలో మేటివాళ్లు కొద్దిమంది గంటా పదిహేడు నిమిషాల లోపే ముగించారు. నడుము తిప్పుతూ ఒంటి చాపాన్ని చదును చేయబట్టే ఆ వేగం.) ఇదే లెక్క చంద్రుడి మీద వేస్తే, అక్కడ గురుత్వం ఆరో వంతు కాబట్టి, గంటకు 3 కిలోమీటర్లకే నడక పని అయిపోతుంది. అపోలో వ్యోమగాములు గెంతుతూ వెళ్లింది సరదాకి కాదు. 2012లో ఆకర్‌మన్, వాన్ డెన్ బోగెర్ట్ కండరాలున్న మోడల్‌ని తక్కువ గురుత్వంలో వదిలితే అది కూడా ఒకే కాలిని ముందుంచి వేసే ఎగురుడు నడకనే ఎంచుకుంది.

కండరమే లేకుండా నడిచేవి కూడా ఉన్నాయి. కెనడాలో టాడ్ మెక్‌గీర్ అనే విమానాల ఇంజనీరు 1990లో కాళ్లు మాత్రమే ఉన్న యంత్రాన్ని కొద్దిపాటి వాలు మీద నిలబెట్టి వదిలాడు. మోటారు లేదు, కంప్యూటర్ లేదు. లెక్క ప్రకారం మలిచిన కాళ్లు, కీళ్లు వాలు దిగుతూ తమంతట తామే నడిచాయి. 1998లో కార్నెల్‌లో గార్సియా, అనింద్య ఛటర్జీ, రూయినా, కోల్‌మన్ దాన్ని ఇంకా పిండి, రెండు కాళ్లు, ఒక తుంటి తప్ప ఏమీ మిగలని మోడల్‌గా మార్చారు. అనింద్య ఛటర్జీ తరవాత ఐఐటీ కాన్పూర్‌లో ఆచార్యుడయ్యాడు. ఆ ఆలోచనకు చిన్న మోటార్లు జోడించి 2005లో కార్నెల్ బృందం తయారుచేసిన రోబో, తన బరువును కొంత దూరం మోయడానికి, బరువుకూ దూరానికీ లెక్కగడితే, మనిషి వాడినంత శక్తే వాడింది. ఆ లెక్కలో మనిషి విలువ 0.2, ఆ రోబో విలువా 0.2. హోండా వాళ్ల ఆసిమో రోబో విలువ 3.2 అని అంచనా వేశారు. ప్రతి కీలునూ ప్రతి క్షణం మోటారుతో శాసించాలని చూస్తే ఖర్చు పదహారు రెట్లు.

ఇంతవరకూ కాళ్లు బొమ్మ కాళ్లే. అసలు మనిషిని కంప్యూటర్‌లోకి దించాలంటే కండరం కావాలి. ఎ.వి. హిల్ 1938లో కప్ప కండరం మీద చేసిన ప్రయోగాల సారం ఇప్పటికీ ఇందుకు ఆధారం. కండరం ఎంత వేగంగా కుదించుకుపోతే అంత తక్కువ బలం ఇస్తుంది. దానికి తోడు స్నాయువు. నడకలో పిక్క కండరపు పోగులు దాదాపు పొడవు మారకుండా బిగిసి ఉంటే, మడమకు అతికిన స్నాయువు సాగి, తిరిగి ముడుచుకుని తన్నుతుందని 2001లో అల్ట్రాసౌండ్‌తో చూశారు. స్నాయువు లేని మోడల్ మనిషి కన్నా ఎక్కువ తిండి తింటుంది.

2001లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆండర్సన్, పాండీ ఆ పని పూర్తిచేశారు. శరీరం పది ముక్కలు, విడివిడిగా కదలగలిగిన విధాలు 23, కండరాలు 54. అడుగు మొదట్లో ఉన్న భంగిమ అడుగు ముగిసేసరికి మళ్లీ రావాలి, మీటరు దూరానికి అయ్యే జీవక్రియ శక్తి కనిష్ఠం కావాలి. ఒక్క అడుగుకు సమాధానం దొరికేసరికి సూపర్‌కంప్యూటర్ల మీద మొత్తం సుమారు 10,000 గంటల ప్రాసెసర్ సమయం అయిపోయింది. ఆ సమాధానం మనిషి నడకకు బాగా దగ్గరగా వచ్చింది.

2019లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయంలో ఫాలిస్, ఫ్రీడ్ల్ డె గ్రూటె బృందం 92 కండరాల మోడల్‌ని మామూలు ల్యాప్‌టాప్ మీద సగటున 36 నిమిషాల్లో నడిపించింది. యంత్రాలు వేగవంతమైనందువల్ల మాత్రమే ఇది జరగలేదు. పాత పద్ధతిలో కండరాలకు ఏవో ఆజ్ఞలు ఇచ్చి, మోడల్‌ని చివరిదాకా నడిపించి, పడిపోయిందా నిలబడిందా చూసి, మళ్లీ మొదటికి రావాలి. మొదటి క్షణంలో చిన్న పొరపాటుంటే చివరికి బోర్లాపడుతుంది. కొత్త పద్ధతిలో అడుగులోని అన్ని క్షణాల భంగిమలనూ ఒకేసారి తెలియని రాశులుగా తీసుకుంటారు. మొదట్లో అవి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నా పరవాలేదు. చివరికి అన్నీ న్యూటన్ సూత్రాలకు కట్టుబడాలన్నదే షరతు. ఇక్కడ పడిపోవడమన్న మాటే లేదు, కాబట్టి వెతుకులాట కుంటుపడదు.

కంప్యూటర్ తప్పు నడిచినప్పుడు ఇంకా ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం. మడమ ఆనగానే మన మోకాలు కొద్దిగా వంగుతుంది. 2010లో ఆకర్‌మన్, వాన్ డెన్ బోగెర్ట్ శక్తి ఆదాను మాత్రమే లక్ష్యంగా ఇస్తే, మోడల్ మోకాలు వంచకుండా కర్రకాలుతో నడిచింది. అలసటను తగ్గించు, ఏ కండరాన్నీ అతిగా వాడకు అన్న రకం లక్ష్యం ఇచ్చాకే మోకాలు వంగింది. మన ఒళ్లు పిసినారిలా శక్తి ఒక్కటే లెక్కబెడుతూ నడవదన్నమాట. అదే ఏడు హార్ట్‌మట్ గెయర్, హ్యూ హెర్ ఇంకో దారి చూపారు. కాలికి ఏడేసి కండరాలు, పై నుంచి ఏ పథకమూ లేదు, ఉన్నవల్లా ప్రతిచర్యలు. ఏ కండరంలో బలం పెరిగిందో, ఏ కండరం సాగిందో చూసి అప్పటికప్పుడు స్పందించడం. ఆ మోడల్ నడిచింది, నేలలో చిన్న ఎత్తుపల్లాలను తట్టుకుంది కూడా. హెర్ కొండలెక్కే మనిషి. 1982లో మంచులో చిక్కుకుని మోకాళ్ల కింద రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. మోటారు ఉన్న కృత్రిమ చీలమండల మీద పనిచేశాడు, వాటి మీదే నడుస్తున్నాడు.

ఇప్పుడు ఆసుపత్రికి వద్దాం. మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలు కొందరు మోకాళ్లు వంచుకునే నడుస్తారు. కూర్చోబోతున్నట్టు ఉంటుంది ఆ నడక. తొడ వెనక కండరాలు పొట్టిగా ఉండి మోకాలిని లాగుతున్నాయనుకుని వాటిని పొడిగించే శస్త్రచికిత్స చేస్తుంటారు. కొందరికి మేలవుతుంది, కొందరికి కాదు. స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ డెల్ప్, అలిసన్ ఆర్నాల్డ్ బృందం ఆ పిల్లల నడకను మోడల్‌లో పెట్టి కండరాల పొడవులు లెక్కగడితే, అందరిలోనూ అవి పొట్టిగా లేవని తేలింది. లేని లోపానికి కత్తి పెడితే ఫలితం ఎక్కణ్నుంచి వస్తుంది?

మరి మోకాలిని ఎవరు నిటారుగా నిలబెడుతున్నారు? తొడ ముందు కండరం అని చప్పున చెప్పేస్తాం. మోడల్ ఇంకో ఇద్దరి పేర్లు కూడా చెప్పింది: పిరుదు కండరం, పిక్క లోపలి సోలియస్ కండరం. ఈ రెండూ మోకాలిని దాటవు, తాకవు. సోలియస్ మడమ నుంచి బయల్దేరి పిక్క ఎముకల వెనక ఆగిపోతుంది. అయినా పాదం నేల మీద ఆని ఉన్నప్పుడు అది బిగిస్తే పిక్క వెనక్కి ఒరుగుతుంది. పిక్క పైకొస వెనక్కి పోతుంది, దాని మీద కూర్చున్న తొడ, ఒళ్లు అంత త్వరగా వెనక్కి రాలేవు. మోకాలు సాగక తప్పదు. మీరే లేచి నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, పాదం ముందు భాగంతో నేలను నొక్కి చూడండి. పుస్తకంలో బొమ్మ చూసి కండరం ఎక్కణ్నుంచి ఎక్కడికుందో చెప్పగలం. అది ఏం చేస్తుందో చెప్పాలంటే ఒంటినంతా కదలికలో లెక్కగట్టాలి. 2019లో డెల్ప్ బృందమే ఆరోగ్యవంతుడి మోడల్ తీసుకుని పిక్క కండరాలను బలహీనపరిస్తే అది మడమల మీద నడిచింది, వాటిని పొట్టిగా చేస్తే మునివేళ్ల మీద నడిచింది. ఆసుపత్రుల్లో కనపడే నడకలే అవి.

ఇందులో లోటుపాట్లు తక్కువేం కాదు. ఎక్కువగా వాడే ఒక కాలి మోడల్‌లోని కండరాల కొలతలు 21 శవాల నుంచి వచ్చాయి. వాళ్ల సగటు వయసు 83 ఏళ్లు. అలాంటి కండరాలను పాతికేళ్ల మనిషికి తగిలించి నడిపించారన్నమాట. 2016లో అపూర్వ రాజగోపాల్, సహచరులు 24 మంది ఆరోగ్యవంతులైన యువకుల ఎమ్మారై కొలతలు చేర్చి దాన్ని సరిచేశారు. పాదం మరీ అన్యాయం. ఒక్కో పాదంలో 26 ఎముకలుంటే మోడళ్లలో చాలావరకు ఒకటి రెండు ముక్కలతో సరిపెడతారు. చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద వేళ్లతో నేల పట్టుకుని నడిచే పాదం అందులో ఇమడదు. గొంతుకూర్చుని లేచే మోకాలి లెక్క కూడా నడక కోసం సర్దిన మోడల్‌తో సరిగా రాదు. ఈ పని మన ప్రాంతాల్లోనే జరగాలి, మన కాళ్లను కొలిచే చేయాలి.

అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం. డెల్ప్ బృందం 2007లో విడుదల చేసిన ఓపెన్‌సిమ్‌ను ఎవరైనా దించుకోవచ్చు. దానిలోనే ఉన్న మోకో అనే పనిముట్టుతో పాటు నడిచే మోడల్ ఉదాహరణ ఒకటి సిద్ధంగా దొరుకుతుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇంజనీరింగో ఫిజియోథెరపీయో చదివే పాఠకులెవరైనా ఉంటే మొదటి అభ్యాసంగా అందులో సోలియస్ బలాన్ని సగానికి తగ్గించి, మళ్లీ నడిపించి, మోకాలి కోణం ఎంత మారిందో చూడండి.